పో పట్నంలో పద్దెనిమిది గుంతలు

నన్ను రమ్మని ఉత్తరం వచ్చిన ఊరి పేరు పో. ఆ మాట చెప్పగానే రాజమహేంద్రవరంలో నవ్వనివాళ్ళు లేరు. "ఇంతకీ రమ్మంటున్నారా, పొమ్మంటున్నారా మున్షీగారూ?" అని కచేరీ మెట్ల మీద ఆపి మరీ అడిగారు. ఫ్రాన్సు దేశానికి దక్షిణపు కొసన, మంచుకొండల కింద ఉన్న పట్నం అది. చలికాలంలో కూడా అక్కడ ఎండ కాస్తుందని, ఊపిరితిత్తులు బాగాలేని ఇంగ్లీషు దొరలు నాలుగు నెలలు అక్కడే మకాం పెడతారు. నేను జబ్బేమీ లేకుండానే వెళ్ళొచ్చాను.

నేను దొరలకు తెలుగు చెప్పి బతికే మున్షీని. వెల్బీ దొరగారు ధవళేశ్వరంలో కాలువల ఇంజనీరుగా ఉన్న తొమ్మిదేళ్ళూ నా దగ్గర తెలుగు చదువుకున్నారు. పింఛను పుచ్చుకుని వెళ్ళాక మన డెల్టాలో నీటికీ, నేలకూ సంబంధించిన మాటలన్నిటినీ పోగుచేసి ఒక నిఘంటువు రాయడం మొదలుపెట్టారు. దాన్ని పూర్తి చెయ్యడానికి ఒక్క చలికాలం రమ్మని ఆ ఉత్తరం. చివర ఇంకో వాక్యం ఉంది: "ఇక్కడి గోల్ఫు మైదానం అంతా పచ్చిక, మన లంక ఇసక కాదు." నిజం చెప్పడానికి సిగ్గెందుకు, నేను ఓడ ఎక్కింది ఆ వాక్యం కోసమే.

గోల్ఫు అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. మన గోళీలాటనీ బిళ్ళంగోడునీ కలిపి మైళ్ళ పొడుగున సాగదీస్తే గోల్ఫు. నిమ్మకాయంత గట్టి బంతిని వంకర కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన జెండా పాతి ఉన్న చిన్న గుంతలో వెయ్యాలి. అలాంటి గుంతలు పద్దెనిమిది. ఎండాకాలం గోదావరి నీరు తీసినప్పుడు లంక మీద దొరగారు నాకు ఈ ఆట నేర్పారు. గుంత తవ్వి ఇవతలికి వచ్చేసరికి ఇసక దాన్ని పూడ్చేసేది. బంతి పుచ్చపాదుల్లో పడితే కాపలా ముసలాయన దొరని వదిలేసి నన్ను తిట్టేవాడు.

"బంతాట కోసం సముద్రం దాటుతారా అండీ?" అంది మా ఆవిడ.

"పుస్తకం పని కదే" అన్నాను.

"పుస్తకం పనికి ఆ వంకర కర్ర ఎందుకండీ సర్దుతున్నారు?"

నేను కర్రని పంచెల మధ్యకు తోసి పెట్టె మూసేశాను.

మార్సెయి రేవు

కాకినాడలో పడవెక్కింది మొదలు ఫ్రాన్సు రేవు మార్సెయిలో దిగేదాకా జరిగినవన్నీ చెబితే మీకు కూడా కడుపులో తిప్పుతుంది, కాబట్టి వదిలేస్తున్నాను. ఒక్క సంగతి చెప్పాలి. మా ఆవిడ పెట్టిన ఆవకాయ జాడీ మూత ఓడ ఊపుకి సడలి, నూనంతా నా పెట్టెలో ఒలికింది. మార్సెయి రేవులో సుంకం అధికారి పెట్టె తెరిచి, ఎర్రబారిన నా పంచెలు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరినో పొడిచి పారిపోయి వస్తున్నానని అనుకున్నాడేమో. జాడీ చూపించాను. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. పక్కవాడు పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చాడు. నా పని అయిపోయిందనుకుంటూ ఉంటే ఆయన మీసాలు తుడుచుకుని, మళ్ళీ వేలు ముంచాడు. నాలుగు ముక్కలు కాగితంలో చుట్టి ఇచ్చాను. మిగతా పెట్టెలు తెరవనే లేదు.

స్టేషనులో

పో స్టేషనులో రైలు దిగేసరికి మధ్యాహ్నం. దొరగారు దూరాన నిలబడి ఉన్నారు, తల పూర్తిగా నెరిసింది. చెయ్యెత్తి నమస్కారం పెట్టాను. ఆయన చకచకా నడిచొచ్చి, నా పక్కన పెట్టె ఎత్తుతున్న కూలివాడి చెయ్యి పట్టుకుని, "బాగా చిక్కిపోయారండి మున్షీగారూ" అన్నారు.

కూలివాడు నోరు తెరిచాడు. నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. "నేను ఇక్కడున్నానండి" అన్నాను మెల్లిగా.

బండిలో కూర్చున్నాక చెప్పారు. రెండు చలికాలాలై చూపు పోతోంది. పక్కలనుంచి కొంచెం కనిపిస్తుంది, అందుకే గోడా మెట్టూ తగలకుండా నడవగలరు. ఎదురుగా చూస్తే మాత్రం మంచు పట్టినట్టు తెలుపు. ఎవరి మొహమూ తెలియదు.

"ఇక్కడ ఎవరికీ చెప్పలేదు మున్షీగారూ. ఇంట్లో వంట చేసే మరియమ్మకు కూడా తెలియదు. తెలిస్తే ఇక్కడి పాదరీగారు లండనులో ఉన్న మా అక్కయ్యకు రాస్తారు. ఆవిడ వచ్చి నన్ను తీసుకుపోయి, కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద కంబళి కప్పుతుంది. ఇక నేను చచ్చేదాకా ఆ కంబళి తియ్యదు."

"ఆట మాటేమిటండి మరి?"

"ఈ ఏడు ఒక్కసారి కూడా ఆడలేదు. దగ్గు అని చెబుతున్నాను. పొగరనుకుంటున్నారు. అనుకోనీండి."

నిఘంటువు కోసం పిలిచారని నేను అనుకున్నాను. ఆయనకు అక్షరాలు చదివే కళ్ళూ, బంతిని చూసే కళ్ళూ రెండూ కావలసి వచ్చాయి. నేను ఫాల్గుణం రాకముందే తిరుగు ఓడ ఎక్కాలి. ఆ తరువాత ఏమిటని ఒకరినొకరం అడగలేదు.

ఊళ్ళో వింతలు

పొద్దున నిఘంటువు, సాయంత్రం ఊరు. ఇదీ మా దినచర్య. ఆ ఊరు నాకు ఎంత నచ్చిందంటే, మొదటి వారం నిద్రపోవడం కూడా దండగ అనిపించింది.

అక్కడి పల్లెజనం చెక్కచెప్పులు వేసుకుంటారు. మన సన్యాసుల పావుకోళ్ళకు ముందు ముక్కూ, వెనక గోడా కట్టినట్టుంటాయి. సంతరోజున రాళ్ళ వీధిలో వందమంది టకటకమని నడుస్తుంటే చెవులు గింగురుమంటాయి. ఆడవాళ్ళు చుట్టకుదురు పెట్టుకుని నెత్తిమీద నీళ్ళ కడవలు మోస్తారు. తెల్లతోలు దొరసానులు నెత్తిమీద బరువు మోస్తారని నేను ఇక్కడ చెబితే మా వీధిలో ఇద్దరు నన్ను అబద్ధాలకోరంటున్నారు. ఎద్దుబండ్లు అచ్చం మనవే, కాకపోతే ఎద్దులకు ఈగలు ముసరకుండా వీపు మీద ఉతికిన దుప్పటి కప్పుతారు. మా మామగారి ఎద్దులకు ఆ భోగం లేదు, మా మామగారికే లేదు.

వీధి మొగలో ఒక ముసలమ్మ ఇనప మూకుడులో గోధుమరంగు గింజలు వేయిస్తుంది. దమ్మిడీలాంటి నాణేలు రెండిస్తే కాగితప్పొట్లం నిండా పోస్తుంది, మన లెక్కలో అణా కూడా కాదు. తింటే అచ్చం కాల్చిన పనసగింజ. అయిదు సముద్రాలు దాటి వచ్చి పనసగింజ తింటున్నానని కళ్ళు చెమర్చాయి. బియ్యం మాత్రం మందుల కొట్లో తూచినట్టు తూస్తారు, ధర కూడా మందుదే. మరియమ్మ మొక్కజొన్న పిండి ఉడకేసి సంకటి చేసేది. దానిలో ఆవకాయ నంచుకుని తింటుంటే ఆవిడ శిలువ గుర్తు వేసుకునేది.

ఏటి ఒడ్డు

మూడోవారం దొరగారు నన్ను మైదానానికి తీసుకెళ్ళారు. ఊరు గట్టు మీద ఉంటుంది. కింద కొండల నుంచి దిగివచ్చే ఏరు, గులకరాళ్ళ మీద గలగలమంటూ. ఏటి పొడుగునా పచ్చిక. దాని వెనక ఆకాశంలో సగం దాకా మంచుకొండలు, ఎండ పడి మెరుస్తున్నాయి.

నేను చెప్పులు విడిచి ఆ గడ్డి మీద కాలు పెట్టాను. ఇరవై ఏళ్ళ వయసులో ఆకుమడిలో దిగినప్పటి మెత్తదనం. ఎవరూ చూడటం లేదు కదా అని పదిగజాలు పరిగెత్తాను. నాకు నలభై ఎనిమిదేళ్ళు.

"ఎలా ఉంది?" అన్నారు దొరగారు. కొండలకేసి మొహం తిప్పి నిలబడ్డారు గానీ, ఆయనకు అక్కడ తెలుపు తప్ప ఏమీ లేదు. ఒక్కొక్క శిఖరమూ చెప్పాను, ఎక్కడ నీడ, ఎక్కడ వెలుగు అని. ఊకొడుతూ విన్నారు.

అప్పుడే కల్నల్ మర్డక్ వచ్చాడు. పంజాబులో సైన్యం నడిపినవాడు, ఆరడుగుల పైన, గొంతు నగారా. ఈ ఏడాది మూడుసార్లు ఆటకు పిలిస్తే దొరగారు మూడుసార్లూ రానన్నారని ఆయనకు కోపం.

"వెల్బీ, బుధవారం జట్ల ఆట. నేనూ పాదరీ ఒక జట్టు. నీకు ఇక్కడ మాతో ఆడటం నామోషీ అయితే అది కూడా చెప్పెయ్" అన్నాడు.

దొరగారు నా భుజం మీద చెయ్యి వేసి, "నా జట్టు ఈయన" అన్నారు.

నా గుండె లంకలో ఇసకదిబ్బ దాకా ఎగిరింది.

మైదానం నడిపే దొరల కమిటీవాళ్ళు రెండు రోజులు ఆలోచించి, నన్ను ఒక్క ఆటకు ఒప్పుకున్నారు. ఆటగాళ్ళ బంగళాలోకి నేను రాకూడదన్నారు. నాకు కావలసింది బంగళా కాదు.

బుధవారం

జట్ల ఆటలో జట్టుకు ఒకటే బంతి. ఒక దెబ్బ ఒకరు, తరువాతి దెబ్బ రెండోవారు. తక్కువ దెబ్బల్లో గుంతలో వేసిన జట్టుకు ఆ గుంత. చివరకు ఎవరి గుంతలు ఎక్కువో వాళ్ళు గెలిచినట్టు. బంతులన్నీ తెల్లవే కాబట్టి తమది తెలియడానికి ఎవరి గుర్తు వాళ్ళు పెట్టుకుంటారు. కల్నల్ శిలువలాంటి గీత గీశాడు. నేను శ్రీ చుట్టనిదే కాగితం మీద రెండో అక్షరం రాయనివాణ్ణి. మా బంతి మీద కూడా నల్లసిరాతో శ్రీ చుట్టాను.

మా పన్నాగం ఇది. దొరగారి వంతు వచ్చినప్పుడు నేను వంగి, ఆయన కర్రను బంతి వెనక సరిగ్గా ఆనించి పెడతాను. చూసేవాళ్ళకు నౌకరు వినయంలా కనిపిస్తుంది. తరువాత తెలుగులో గొణుగుతాను: "నూట నలభై గజాలండి. ఎడమ మెరక. ముందు పల్లం. గాలి కుడినుంచి." నిఘంటువులో మేము రాస్తున్న మాటలే అవన్నీ. గుంత దగ్గరకు వచ్చాక నేను గుంత అంచున కర్రతో టకటక కొడతాను, ఆ చప్పుడు ఆనవాలుగా ఆయన బంతిని దొర్లిస్తారు. నా గొణుగుడు మా దేశపు మంత్రమని పాదరీగారు అనుకున్నారట.

మొదటి గుంత మాది. దొరగారి రెండో దెబ్బ నలభై ఏళ్ళ వాడి దెబ్బలా లేచింది. "ఎక్కడ?" అని పెదవి కదపకుండా అడిగారు. "జెండా పక్కనండి." ఆయన మెడ మీది నరం ఉబ్బింది, సంతోషంతో. నాలుగోది పోయింది, అయిదోది మాది. తొమ్మిదో గుంతలో దొరగారి దెబ్బకు బంతి ఇసక గోతిలో పడింది. ఇసక అంటే నాకు పుట్టిల్లు కదా, ఒక్క దెబ్బలో బయటికి తీశాను. కల్నల్ మొదటిసారి నావైపు తిన్నగా చూసి, "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. "నదిలో" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

పదహారు గుంతలయ్యేసరికి రెండు జట్లూ సమానం. ఊళ్ళోని ఇంగ్లీషువాళ్ళు పాతికమంది దాకా వెంట నడుస్తున్నారు.

పదిహేడో గుంత

నేను కొట్టిన మొదటి దెబ్బ బాగానే పడింది. రెండోది దొరగారిది, కుడివైపు పొడుగు గడ్డిలోకి పోయింది. వెతుకుతూ గడ్డిలో దిగాం. దొరగారు నాకు రెండడుగుల దూరంలో, తామూ వెతుకుతున్నట్టు తల వంచి నిలబడ్డారు. నా కాలికి ఏదో తగిలింది. చూద్దును కదా, బంతి. నా పాదం కింద శ్రీ.

ఇక నేను చేసింది నేను చెయ్యలేదు, నా ఒళ్ళు చేసింది. పుస్తకానికి కాలు తగిలితే మీరేం చేస్తారు? అయిదో ఏట పలక మీద కాలు వేసినందుకు మా అమ్మ వీపు మీద చరిచిన చరుపు ఇంకా ఆ ఒంట్లోనే ఉంది. చటుక్కున వంగి, బంతి తీసి, రెండు కళ్ళకూ అద్దుకుని, ఉన్నచోటే పెట్టేశాను. అప్పుడు తెలివొచ్చింది.

ఆటలో ఉన్న బంతిని చేత్తో ముట్టుకుంటే ఆ గుంత పోయినట్టే. అంతవరకైతే సరే. పదిగజాల అవతలనుంచి కల్నల్ చూశాడు.

"బంతి ఎత్తాడు. ఎత్తి మంచిచోట పెట్టాడు" అన్నాడు. పాతికమందీ ఆగిపోయారు.

"ఎత్తాను. తప్పు నాదే, గుంత మీదే. కానీ చోటు మార్చలేదండి" అన్నాను. 

"మార్చలేదని ఎలా నమ్మాలి?" కల్నల్ దొరగారి వైపు తిరిగాడు. "వెల్బీ, నువ్వు రెండడుగుల్లో ఉన్నావు. నీ మాట చాలు. ఇతను దొంగాట ఆడాడా లేదా?"

 నేను దొంగనని ఆ ఊరంతా అనుకోవడం ఒక పక్క. దొరగారి గుట్టు ఇంకో పక్క. గబగబా తెలుగులో, "చూశానని ఒక్క మాట అనండి దొరగారూ. నేను కదపలేదని మీకు తెలుసు కదండి. ఒక్క మాటతో పోతుంది" అన్నాను.

ఆయన తెలుగులోనే నెమ్మదిగా అన్నారు: "కదపలేదని తెలుసండి మున్షీగారూ. చూశానని ఎలా అంటాను?"

తరువాత కల్నల్ గొంతు వచ్చిన వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు. "నేను చూడలేదు మర్డక్. రెండేళ్ళుగా నీ మొహం కూడా నేను చూడలేదు. నాకు ఎదురుగా ఉన్నదేదీ కనిపించదు. ఇవాళ పదహారు గుంతలూ ఈయన కళ్ళతో ఆడాను. ఆ బంతి మీద ఒక అక్షరం ఉంది. అక్షరానికి కాలు తగిలితే వాళ్ళు తీసి కళ్ళకద్దుకుంటారు. ప్రపంచంలో ఏ పందెమూ వాళ్ళను ఆపదు. ఈయన తొమ్మిదేళ్ళు నాకు గురువు. ఈయన కదపలేదంటే కదపలేదు."

  కల్నల్ గడ్డిలోకి నడిచొచ్చాడు. బంతి ఉన్నచోట వంగి చూశాడు. చుట్టూ గడ్డి నొక్కుకుపోయి ఉంది, బంతి దాని గోతిలోనే ఉంది. ఆయన ఎర్రటి మొహం ఇంకా ఎర్రబడింది. నా చెయ్యి పట్టుకుని, "క్షమించండి" అన్నాడు. ఆ తరువాత దొరగారితో, "మూడుసార్లు పిలిచానే. ఒక్కసారి చెప్పి ఉండకూడదా?" అన్నాడు. 

పాదరీగారు దగ్గరకొచ్చి, ఇక తాను దొరగారి అక్కయ్యకు రాయక తప్పదన్నారు.

"రాయండి. నేను ఆయన వెంట నడుస్తానని కూడా రాయండి" అన్నాడు కల్నల్.

పద్దెనిమిదో గుంత

పదిహేడోది వాళ్ళది. చివరిది గెలిస్తేనే సమం. మొదటి దెబ్బ దొరగారిది. ఏరు ఎడమ పక్కనే పారుతోంది.

"ఇప్పుడు గొణగక్కరలేదు మున్షీగారూ, పైకే చెప్పండి" అన్నారు. నేను కర్ర ఆనించి, ఊరంతా వినేలా చెప్పాను. "నేరుగా మెరక. ఎడమ ఏరు. గాలి వెనకనుంచి." ఆయన కోటు విప్పి నాకిచ్చారు. నడుం తిప్పి కొట్టారు.

అంత దెబ్బ నేను ఎన్నడూ చూడలేదు. బంతి మంచుకొండ మీదుగా లేచి, ఎడమకు ఒంగి, ఒంగి, ఏటి నురగలో పడింది.

"ఎక్కడ?"

పాతికమందీ నా మొహం చూస్తున్నారు. "ఏట్లో పడిందండి."

"ఒడ్డునా?"

"కాదండి. నడి ఏట్లో."

"నడి ఏట్లోనా?" అన్నారు. మొహం విప్పారింది. "అక్కడిదాకా కొట్టానా నేను?" అని పకపకా నవ్వారు. ఓడిపోయి అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బంగళా మెట్ల మీద కల్నల్ నా పక్కనే కూర్చుని కాఫీ తాగాడు, లోపలికి వెళ్ళలేదు.

వచ్చేసే రోజు

ఆట మర్నాడు పొద్దున తొమ్మిదింటికి కల్నల్ మా గుమ్మంలో ఉన్నాడు, నోటుపుస్తకంతో. ఇంగ్లీషులో చెబితే తన చెయ్యి కదలదని దొరగారు అన్నారట, బుధవారం ఆడింది తెలుగుతోనే కదా. పంజాబు జయించినవాడు నా ముందు కూర్చుని కుడి, ఎడమ, మెరక, పల్లం, గట్టు అని వల్లెవేశాడు. పల్లం అనడానికి ఆయనకు మూడు వారాలు పట్టింది.

నిఘంటువు అయింది. లండను నుంచి అక్కయ్యగారి జవాబు కూడా వచ్చింది: కంబళి సిద్ధంగానే ఉందట, కానీ వేసవి దాకా ఆగుతుందట. దొరగారు దాన్ని నాతో రెండుసార్లు చదివించుకున్నారు.

బయలుదేరే పొద్దున స్టేషనుకు రావద్దని నేనే అన్నాను. గట్టు మీది రోడ్డున బండి ఆపించి కిందికి చూశాను. పచ్చిక మీద ఇద్దరే ముసలివాళ్ళు. కల్నల్ మోకాలి మీద కూర్చుని, దొరగారి కర్రను బంతి వెనక ఆనించాడు. లేచి, నోటుపుస్తకం తీసి, "కుడీ పాల్లం! ఎడమా గాట్టు!" అని అరిచాడు. గట్టు దాకా వినబడింది. దొరగారు కొట్టారు. బంతి తిన్నగా పోయి జెండా పక్కన పడింది.

కల్నల్ గబగబా పుస్తకం తిరగేశాడు. బాగా కొట్టారని చెప్పే మాట నేను నేర్పలేదు. దొరగారు తల పక్కకు వంచి ఎదురుచూస్తున్నారు. కల్నల్ టోపీ తీసి ఎత్తి పట్టుకున్నాడు. అది దొరగారికి కనిపించదని గుర్తొచ్చిందేమో, టోపీ పెట్టేసుకుని, దగ్గరకు వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.